సిద్ధాంతమూ – దినచర్యా

మన కళాశాలల్లో సమాజశాస్త్రమో, అర్థశాస్త్రమో చదివే విద్యార్థికి పరీక్షలో వరకట్నం మీద ప్రశ్న వస్తే నాలుగు పేజీలు రాస్తాడు. స్త్రీకి ఆస్తిలో వాటా లేకపోవడం, పెళ్ళి అనేది సంపద చేతులు మారే బేరంగా దిగజారడం, కులం గీత దాటి సంబంధాలు చూడకపోవడం – అన్నిటినీ వరుసక్రమంలో పెడతాడు. 1961లో వరకట్న నిషేధచట్టం వచ్చిందని సంవత్సరంతో సహా రాస్తాడు. మంచి మార్కులు వస్తాయి. ఆ మార్కులతో డిగ్రీ వస్తుంది. ఆ డిగ్రీతో ఉద్యోగం వస్తుంది. ఆ ఉద్యోగాన్ని బట్టి అతనికి రావలసిన కట్నం నిర్ణయమవుతుంది. అంటే, కట్నం ఎందుకు దురాచారమో ఎంత బాగా వివరించగలిగితే, పెళ్ళిసంతలో అతని ధర అంత పెరుగుతుందన్నమాట!

ఇది నవ్వుకోవడానికి చెబుతున్న మాట కాదు. మన చదువుకూ మన బతుకుకూ వున్న సంబంధం ఎలాంటిదో ఈ చిన్న లెక్కలో వుంది. ఇందులో అన్నిటికంటె ఆశ్చర్యపడవలసిన విషయం ఏమిటంటే, ఆ విద్యార్థి మోసగాడు కాడు. మోసగాడికి తాను చెప్పేదొకటీ, చేసేదొకటీ అని తెలుసు. ఈ అబ్బాయికి ఆ రెంటికీ పోలికే తట్టదు. పరీక్షహాలులో రాసినది ఒక లోకం; ఇంటి వసారాలో పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నది మరొక లోకం. ఒక లోకంనుంచి మరొక లోకంలోకి అతను చెప్పులు విడిచినంత సులువుగా వెళ్ళివస్తూ వుంటాడు.

కనుక మనం వేసుకోవలసిన ప్రశ్న ఇది: సమాజాన్ని గురించి నేర్చుకున్న సిద్ధాంతాన్ని దినదిన జీవితానికి అన్వయించుకోవలసిన బాధ్యత చదువుకున్నవాడికి వుందా? వుంటే, ఆ అన్వయం ఎక్కడ మొదలుకావాలి? ఎవరిమీద మొదలుకావాలి?

1

ముందుగా, ఈ అగాధం ఎందుకు ఏర్పడిందో చూడాలి. నీతివాదులు దీనికి తేలిక సమాధానం చెబుతారు: శీలం లేదు, చిత్తశుద్ధి లేదు అని. ఈ సమాధానం వినడానికి బాగానే వుంటుంది గాని, దీనివల్ల తెలిసేదేమీ లేదు. ఇన్ని లక్షలమందికి ఒకేసారి, ఒకే విషయంలో, ఒకే రకంగా చిత్తశుద్ధి లోపించిందంటే, అందుకు కారణాన్ని వాళ్ళ మనసుల్లో కాక, వాళ్ళను తయారుచేసిన పద్ధతిలో వెతకాలి.

ఏ వస్తువుకైనా ఉపయోగపు విలువ ఒకటీ, మారకపు విలువ ఒకటీ వుంటాయని అర్థశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతాం. చదువు కూడా అటువంటిదే. సమాజశాస్త్ర జ్ఞానానికి ఉపయోగపు విలువ ఏమిటి? మన చుట్టూ వున్న మానవ సంబంధాలను చూడగలగడం, వాటిని మార్చగలగడం. దాని మారకపు విలువ ఏమిటి? మార్కులు, పట్టా, జీతం. మన విద్యావిధానంలో మొదటిదాని ఊసే లేదు. రెండవదానికోసమే సమస్త యంత్రాంగమూ పనిచేస్తోంది. అమ్మడానికి చేసిన కుండలో కుమ్మరి తానే అన్నం వండుకోనట్లు, అమ్మడానికి నేర్చుకున్న సిద్ధాంతంతో విద్యార్థి తన బతుకును చూసుకోడు.

బ్రెజిల్ దేశపు విద్యావేత్త పౌలో ఫ్రెయిరీ దీనినే మరొక విధంగా చెప్పాడు. ఉపాధ్యాయుడు బ్యాంకులో సొమ్ము వేసినట్లు విద్యార్థి బుర్రలో విషయాలు జమచేస్తాడు. పరీక్షనాడు విద్యార్థి వాటిని తీసి ఇచ్చేస్తాడు. ఖాతా మళ్ళీ ఖాళీ. ఫ్రెయిరీ ఈ మాటను కుర్చీలో కూర్చుని కనిపెట్టలేదు. 1960ల తొలి సంవత్సరాల్లో ఈశాన్య బ్రెజిల్‌లో శ్రామికులకు వాళ్ళ పనిలోనుంచీ, వాళ్ళ ఇళ్ళలోనుంచీ ఏరిన మాటలతోనే అక్షరాలు నేర్పాడు. 1964లో సైనిక నియంతలు అధికారానికి రాగానే ఆయనను జైల్లో పెట్టారు. ఆ తరవాత ఆయన ప్రవాసం పోవలసివచ్చింది. అక్షరాలు నేర్పితే జైలు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. అక్షరాలు నేర్పినందుకు కాదు. అక్షరాలను బతుకుకు తగిలించినందుకు.

ముస్సోలినీ జైల్లో వుండి 1929 మొదలు 1935 దాకా నోటుపుస్తకాలు నింపిన గ్రాంషీ మరొక ముఖ్యమైన సంగతి గమనించాడు. సామాన్యుడిలో రెండు చైతన్యాలుంటాయి. ఒకటి అతని చేతుల్లో, అతని పనిలో వుంటుంది. మరొకటి పాతకాలంనుంచి విమర్శ లేకుండా వారసత్వంగా వచ్చి అతని నోట పలుకుతుంది. చేత మంచిదే, మాట పాతది. మన చదువరి విషయంలో ఇది తలకిందులైంది: మాట కొత్తది, చేత పాతది. గ్రాంషీ చెప్పిన శ్రామికుడిని విముక్తిచేయడం మన చదువరిని విముక్తిచేయడంకంటె తేలిక. ఎందుచేతనంటే, శ్రామికునికి తన చేతలో వున్న సత్యానికి మాట కావాలి, అంతే. చదువరికి తన మాటలోని సత్యంకోసం కొంత లాభం వదులుకోవలసివుంటుంది.

2

చదివినది అసలే అన్వయించనివాళ్ళ సంగతి ఇది. అన్వయిస్తున్నామనుకునేవాళ్ళ సంగతి ఏమిటి? నిజానికి ఎక్కువ ప్రమాదం ఇక్కడే వుంది. నాకు మూడు రకాల అపసవ్యపు అన్వయాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, సిద్ధాంతాన్ని అలంకారంగానో, పనిముట్టుగానో వాడుకోవడం. దీనికి తెలుగు సాహిత్యం ఏనాడో ఒక శాశ్వతమైన పేరు పెట్టింది: గిరీశం. 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా మారిన రూపంలో వచ్చిన ‘కన్యాశుల్కం’లో గురజాడ సంఘసంస్కరణ సిద్ధాంతాన్నంతటినీ ఎవరి నోట పెట్టాడో చూడండి. వితంతు వివాహం గురించి గిరీశానికి తెలియని వాదం లేదు. ఆ వాదాలు అబద్ధాలు కూడా కావు. వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వాడిన వాదాలు కూడా దాదాపు అవే. మరి తేడా ఎక్కడ వుంది? ఖర్చు ఎవరు భరించారన్నదాంట్లో వుంది. ఒకాయన విషయంలో సిద్ధాంతానికి అయిన ఖర్చు – వెలి, నింద, డబ్బు – ఆయనే భరించాడు. రెండవవాడి విషయంలో ఆ ఖర్చంతా బుచ్చమ్మమీద పడబోయింది. కనుక సిద్ధాంతం నిజమా కాదా అని అడిగితే చాలదు. దానిని పలికేవాడు ఎవరి ఖర్చుతో పలుకుతున్నాడని కూడా అడగాలి.

రెండవది, సిద్ధాంతాన్ని సాకుగా వాడుకోవడం. ఈ జాడ్యం మనలో, అంటే అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళలో, హెచ్చుగా వుంది. ‘వ్యవస్థ మారనిదే వ్యక్తి మారడు, కట్నం భూస్వామ్య అవశేషం, నేనొక్కణ్ణి మానితే భూస్వామ్యం పోతుందా?’ అంటారు. పైగా దీనికి మార్క్సునే సాక్ష్యానికి పిలుస్తారు. 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం ముందుమాటలో మార్క్సు, పెట్టుబడిదారునీ భూస్వామినీ తాను ఆర్థిక సంబంధాల ప్రతినిధులుగానే చూస్తున్నాననీ, ఆ సంబంధాలకు వ్యక్తిని బాధ్యుణ్ణి చేయడం తన ఉద్దేశం కాదనీ రాసిన మాట వాస్తవమే. అయితే ఆ మాట ఎందుకోసం చెప్పాడు? ఒక దుష్టుడైన యజమాని స్థానంలో ఒక దయాళువైన యజమానిని కూర్చోబెడితే దోపిడీ పోదని చెప్పడానికి. ‘దోపిడీ ఎలా జరుగుతున్నదో నాకు తెలుసు గనుక అందులో నా వాటా నేను నిశ్చింతగా తీసుకోవచ్చు’ అని చెప్పడానికి కాదు. వ్యాధి సామాజికమైనదని తెలిసిన వైద్యుడు చేతులు కడుక్కోవడం మానడు గదా!

మూడవది, సిద్ధాంతాన్ని ఎదుటివాళ్ళకు అంటించే చీటీగా వాడుకోవడం. విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివి ఇంటికి వచ్చిన కుర్రవాడు తన తల్లిని చూసి ‘ఈమెది వెనుకబడిన చైతన్యం’ అని తేల్చేస్తాడు. ఆమె శుక్రవారంనాడు తలంటుకుని దీపం పెట్టడం అతనికి మూఢనమ్మకంగా కనిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగుగంటలకు లేచి, పాలు పితికి, వంటచేసి, పొలానికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ పొయ్యి రాజేసి, అతను ఆ పుస్తకం చదువుకునేందుకు కావలసిన తీరికను తయారుచేసినది ఆమే అన్న సంగతి కనిపించదు. కుటుంబంలో స్త్రీ పరాధీనత ఎలా ఏర్పడిందో ఎంగెల్స్ 1884లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకం చదివి, చదివిన కంచం అక్కడే వదిలి లేచిపోయేవాడు ఆ పుస్తకంలో ఏం చదివినట్టు? సిద్ధాంతాన్ని మనకంటె బలహీనులమీద ముందుగా ప్రయోగించడం, మనమీద చివరకు కూడా ప్రయోగించకపోవడం – ఇది మూడవ అపసవ్యం.

3

ఈ మూడవ అపసవ్యం ఇంటికే పరిమితం కాదు. ఇదే అధికారం చేతికి వస్తే ఏమవుతుందో మన తెలుగునాట ఒక వూరు సాక్ష్యం చెబుతుంది.

19వ శతాబ్దిలో యూరపునుంచి వచ్చిన ఒక సామాజిక సిద్ధాంతం ప్రకారం, నేరప్రవృత్తి కొన్ని జాతులకు పుట్టుకతో వస్తుంది. మన దేశంలో ఈ సిద్ధాంతానికి కులవ్యవస్థ అనువైన నేలగా దొరికింది: వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్లు దొంగ కొడుకు దొంగ అవుతాడన్నారు. 1871లో నేరస్థజాతుల చట్టం చేశారు. 1911లో దానిని మద్రాసు రాష్ట్రానికి విస్తరింపజేశారు. ఎరుకలవాళ్ళు ఈ చట్టం కిందికి వచ్చారు. వాళ్ళు తరతరాలుగా కావళ్ళమీద, గాడిదలమీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ, తీరంనుంచి లోపలి గ్రామాలకు తిరిగి అమ్ముకునేవాళ్ళు. ఉప్పుమీద ప్రభుత్వ గుత్తాధికారమూ, రైలుమార్గాలూ వచ్చి ఆ వృత్తిని తుడిచిపెట్టాయి. బతుకు పోగొట్టినవాళ్ళే బతుకులేనివాళ్ళకు నేరస్థులని పేరుపెట్టారు. 20వ శతాబ్ది రెండవ దశకంలో అప్పటి గుంటూరు జిల్లాలో, బాపట్ల సమీపాన, సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో స్టువార్టుపురం సెటిల్మెంటు వెలిసింది. అక్కడ హాజరు, అనుమతిచీటీ లేనిదే కదలిక లేదు. ‘సంస్కరణ’ పేరుతో ఆ జనంలో పలువురు పొగాకు కర్మాగారానికి చౌకకూలీలయ్యారు. 1952లో చట్టం రద్దయింది గాని ఆ వూరి పేరుకు అంటుకున్న మచ్చ అనేక దశాబ్దాలపాటు సినిమాల్లోనూ, సామెతల్లోనూ బతికింది.

ఇది కూడా సామాజిక సిద్ధాంతాన్ని దైనందిన జీవితానికి అన్వయించడమే! పొద్దున లేచినదిమొదలు రాత్రి పడుకునేదాకా ఒక ప్రజాసమూహపు దినచర్యను సిద్ధాంతం ప్రకారం నడిపారు. కనుక ‘అన్వయించాలి, అన్వయించాలి’ అని ఊరికే కేకలు వేయడం వల్ల ప్రయోజనం లేదు, ప్రమాదం కూడా. ఇక్కడ లోపించినదేమిటి? సిద్ధాంతం ఎవరిమీద ప్రయోగించబడుతున్నదో, వాళ్ళకు తిరిగి మాట్లాడే హక్కు లేకపోవడం. ఎరుకలవాడు ‘నేను దొంగను కాను, ఉప్పు వర్తకుణ్ణి’ అంటే, ఆ మాటను సిద్ధాంతం విని తన్ను తాను దిద్దుకునే దారి లేదు. ఏ సిద్ధాంతానికి ఎదురుసమాధానం వినే చెవి లేదో అది విజ్ఞానం కాదు, పోలీసు లాఠీ.

4

మరి సవ్యమైన అన్వయం ఎలా వుంటుంది?

1916 మే నెలలో కొలంబియా విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర గోష్ఠిలో ఇరవైఅయిదేళ్ళ అంబేడ్కర్ భారతదేశపు కులాలమీద ఒక పత్రం చదివాడు. చాలామంది పండితులు కులానికి పదిరకాల లక్షణాలు చెబుతుంటే, ఆయన వాటన్నిటినీ జల్లెడపట్టి, కులంలోపలే పెళ్ళి చేసుకోవడమన్నదే కులానికి ప్రాణమని తేల్చాడు. అప్పటికది ఒక విద్యార్థి రాసిన వ్యాసం. అక్కడితో ఆగితే, గ్రంథాలయంలో ఒక మూల పడివుండేది. 1927 మార్చిలో మహాడ్‌లో వేలమందితో కలిసి నడిచివెళ్ళి చవుదారు చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగాడు. 1936లో ‘కులనిర్మూలన’ ఉపన్యాసం రాశాడు. పిలిచిన సంస్థవారే దానిని సహించలేక సభను రద్దుచేస్తే, తానే అచ్చువేసుకున్నాడు. అందులో ఆయన సూచించిన మందు – కులాంతర వివాహమూ, దానికి అడ్డుపడే శాస్త్రాల ప్రామాణ్యాన్ని కూలదోయడమూ – 1916 నాటి రోగనిర్ణయంనుంచి సూటిగా వచ్చిందే. సిద్ధాంతం దెబ్బ ఎక్కడ కొట్టాలో చూపింది. ఆచరణ ఆ దెబ్బకు అడ్డుపడేదేమిటో చూపి సిద్ధాంతాన్ని ఇంకా లోతుకు తీసుకుపోయింది.

ఈ నిర్ణయం జరిగి నూరేళ్ళు దాటింది. 2011–12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం మన దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతం. మన విశ్వవిద్యాలయాల్లో అంబేడ్కర్ మీద పట్టాలు పుచ్చుకున్నవాళ్ళూ, ఆయన జయంతులకు అధ్యక్షత వహించినవాళ్ళూ తమ పిల్లలకు సంబంధాలు వెతికేటప్పుడు ఏ పత్రికల్లో, ఏ శీర్షికల కింద వెతుకుతున్నారో నేను వేరే చెప్పనవసరం లేదు.

గణితశాస్త్రవేత్త కోశాంబి ఉదాహరణ మరోరకమైనది. ఆయన వృత్తి గణితం. అయినా పుణేలో తన ఇంటి పరిసరాల్లో గుడిసెలు వేసుకున్న సంచారజాతి కుటుంబాలను చూసి, కొండదారుల్లో పల్లెజనం సిందూరం పూసిన రాళ్ళను చూసి, వీటికీ ప్రాచీన చరిత్రకూ వున్న సంబంధమేమిటని అడిగాడు. 1956లో వచ్చిన ఆయన భారతచరిత్ర గ్రంథం బలమంతా ఆ అడగడంలో వుంది. మార్క్సిజాన్ని అచ్చుగా తీసుకుని భారతదేశపు పిండిని అందులో నొక్కడానికి ఆయన ఒప్పుకోలేదు. రోజూ నడిచే దారిలో కనిపించినదానికి సిద్ధాంతాన్ని జవాబుదారీ చేశాడు.

మన గిడుగు రామమూర్తిగారు (1863–1940) కూడా అటువంటివారే. పర్లాకిమిడిలో బడిపంతులుగా వున్నప్పుడు కొండలమీది సవరల భాష నేర్చుకుని, వాళ్ళకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారుచేసి, బడులు పెట్టించారు. జనం మాట్లాడేదే భాష అన్న భాషాశాస్త్ర సత్యం ఆయనకు సవరల విషయంలో ఒకటీ, తెలుగు విషయంలో ఇంకొకటీ కాలేదు. గ్రాంథికవాదులతో ఆయన చేసిన యుద్ధానికి మూలం ఇక్కడ వుంది. ఈనాడు ఆయన పుట్టినరోజును తెలుగు భాషాదినంగా జరుపుకుంటూ, ఆ సభలోనే ఒక తెలంగాణ పల్లెపిల్లవాడి మాటనో, ఉత్తరాంధ్ర పిల్లవాడి యాసనో విని నవ్వే తెలుగు ఉపాధ్యాయులున్నారు. బడి ఎవరి ఇంటి భాషను ‘మంచి భాష’ అంటుందో వాళ్ళ పిల్లలే తెలివైనవాళ్ళుగా లెక్కకు వస్తారని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త బూర్దియూ 1964లోనూ, 1970లోనూ రాసిన గ్రంథాల్లో నిరూపించాడు. ఈ సిద్ధాంతం చదివిన అధ్యాపకునికి అన్వయం ఎక్కడో లేదు. తాను దిద్దే జవాబుపత్రం మీది ఎర్రసిరాలో వుంది.

5

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నీ గొప్ప చదువులు చదివినవాళ్ళవి. ఇవి చూసి, సిద్ధాంతాన్ని జీవితానికి అన్వయించడం మేధావుల పని అనుకుంటే అంతకంటె పొరపాటు వుండదు. నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికంటె గొప్ప పాఠం చెప్పినది అప్పుడే అక్షరాలు దిద్దుకున్న నెల్లూరుజిల్లా కూలిస్త్రీలు.

1988లో జాతీయ అక్షరాస్యతా కార్యక్రమం ప్రారంభమైంది. నెల్లూరుజిల్లాలో 1990లో ‘అక్షరజ్యోతి’ పేర సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిపూట, పనినుంచి వచ్చాక, స్త్రీలు బడికి వచ్చేవారు. వాళ్ళలో ఎక్కువమంది దళితులు, వెనుకబడిన కులాలవారు, వ్యవసాయకూలీలు. వాళ్ళ వాచకాల్లో రాజులూ రాణులూ లేరు; కూలి వుంది, సారా వుంది, సారా తాగిన మొగుడు చేతిలో బతుకు బుగ్గి అయిన ఆడదాని కథ వుంది. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన స్త్రీ, ‘ఇది నా కథే’ అంది. పక్కనున్న స్త్రీ ‘నాదీ ఇదే’ అంది. కలిగిరి ప్రాంతంలోని దూబగుంట గ్రామంలో స్త్రీలు ఏకమై సారాదుకాణం మూయించారు. ఆ సంగతి మరొక వాచకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ వూళ్ళో ఎందుకు చేయకూడదన్నారు. 1992 నాటికి అది జిల్లా దాటి రాష్ట్రమంతటా వ్యాపించింది. సారాపాటలను స్త్రీలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసివచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఇక్కడ జరిగినదేమిటో సావధానంగా చూడాలి. మొదట ఆ స్త్రీ మనసులో వున్నది ఏమిటి? ‘నా మొగుడు చెడ్డవాడు, నా రాత ఇంతే.’ ఇది వ్యక్తిగత నీతిశాస్త్రం. పదిమంది కూర్చుని చదువుకున్నాక ఆ మాట మారింది: ‘వూరందరి మొగుళ్ళూ ఒక్కసారే ఎలా చెడ్డవాళ్ళయ్యారు? మంచినీళ్ళు రాని వూరికి సారా ప్యాకెట్లు ఎలా వస్తున్నాయి? ఎవరు తెస్తున్నారు? పాట ఎవరు పాడారు? ఆ డబ్బు ఎవరికి పోతోంది?’ మొగుడినుంచి దుకాణానికి, దుకాణంనుంచి కంట్రాక్టరుకు, కంట్రాక్టరునుంచి ప్రభుత్వ ఖజానాకు – ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వాళ్ళ ఆలోచన వెళ్ళింది. సామాజికశాస్త్రమంటే ఇదే. వ్యక్తి దుఃఖంలో వ్యవస్థ రూపం కనిపెట్టడమే. దానికి వాళ్ళు ఏ పేరూ పెట్టలేదు. పెట్టవలసిన అవసరమూ రాలేదు. పట్టా కోసం చదవలేదు గనుక, చదివినదానికి బతుకుకంటె వేరే ఉపయోగం వాళ్ళకు తెలియదు.

అయితే ఈ కథను ఇక్కడితో ముగించి చప్పట్లు కొట్టుకోవడం కూడా నిజాయితీ కాదు. 1997లో ప్రభుత్వం, ఆదాయం చాలదని, మద్యనిషేధాన్ని ఎత్తివేసింది. స్త్రీలు ఓడిపోయారా? వాళ్ళు దుకాణాన్ని ఓడించారు, కంట్రాక్టరును ఓడించారు. కాని, మద్యంమీద వచ్చే రాబడి మీద బతికే ప్రభుత్వాన్ని అలాగే వుంచారు. సారాపాట ఆగింది గాని, కూలిరేటూ, భూమీ ఎక్కడివక్కడే వున్నాయి. ఆ ఓటమి కూడా ఒక సిద్ధాంత పాఠమే: అన్వయం ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచి సిద్ధాంతం మళ్ళీ మొదలుకావాలి. ఈ రెండవ పాఠాన్ని రాయవలసిన బాధ్యత చదువుకున్నవాళ్ళది. మనం అది రాసి వాళ్ళకు అందించలేదు.

6

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ‘మీరు చెప్పేది చివరికి వ్యక్తిగత పరిశుద్ధిలోకి దిగుతోంది; ప్రతివాడూ తన ఇంట్లో నియమనిష్ఠలు పాటిస్తే సమాజం బాగుపడుతుందన్న పాతపాటే ఇది’ అని.

కాదు. పరిశుద్ధి కోరేవాడు తన చేతికి మట్టి అంటకుండా చూసుకుంటాడు. ఎంగెల్స్ ఆ లెక్కన పరిశుద్ధుడు కాడు. మాంచెస్టరులో తన తండ్రి భాగస్వామిగా వున్న నూలుమిల్లు వ్యాపారంలో 1850నుంచి సుమారు ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఆ డబ్బుతోనే మార్క్సు కుటుంబం బతికింది, ‘పెట్టుబడి’ తయారైంది. పెట్టుబడిదారీ సమాజంలో ఎవరూ దానికి వెలుపల నిలబడి పోరాడలేరు. అడగవలసినది ‘నీ చేతికి మట్టి అంటిందా?’ అని కాదు, ‘ఆ చేయి ఏ పని చేస్తోంది?’ అని.

కాని వ్యవస్థ అనేది ఆకాశంలో లేదు. అది కొన్ని ఖచ్చితమైన ద్వారాలగుండా నడుస్తుంది: పెళ్ళిచూపులు, ఆస్తిపంపకం, అద్దెకు ఇల్లిచ్చేముందు అడిగే కులం, వంటిల్లు, జవాబుపత్రం, జీతాల పట్టీ. వీటిలో కొన్నిటి తాళంచెవి మన జేబులోనే వుంది. అదనపు విలువ గురించి పాఠం చెప్పే శాశ్వత అధ్యాపకుడు, పక్కగదిలో అదే పాఠం, అన్నే గంటలు చెప్పి తన జీతంలో చిన్నభాగం తెచ్చుకునే కాంట్రాక్టు అధ్యాపకుని విషయంలో తన సంఘం చేత ఏం అడిగిస్తున్నాడు? ఇది పరిశుద్ధికి సంబంధించిన ప్రశ్న కాదు. పక్షానికి సంబంధించిన ప్రశ్న.

ఇంకొక ఆక్షేపణ దీనికంటె బరువైనది. తరగతిలో ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఎవరో ఒక విద్యార్థి లేచి అడుగుతాడు: ‘నేను కట్నం వద్దంటే, నా చెల్లెలికి ఇవ్వవలసిన కట్నం ఎక్కడినుంచి వస్తుంది?’ ఈ ప్రశ్నను చూసి నవ్వకూడదు. సిద్ధాంతానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారన్న ప్రశ్నే ఇది. అన్న ఆదర్శానికి చెల్లెలు మూల్యం చెల్లిస్తే, అది గిరీశం పద్ధతికి ఎంతో దూరంలో లేదు.

దీనికి సమాధానం వుపదేశంలో లేదు, సిద్ధాంతంలోనే వుంది. కట్నానికి మూలం స్త్రీకి ఆస్తిలో వాటా లేకపోవడమని ఆ విద్యార్థే పరీక్షలో రాశాడు గదా! 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ ఉమ్మడి హిందూ కుటుంబపు ఆస్తిలో ఆడపిల్లకు మగపిల్లవాడితో సమానమైన హక్కు ఇచ్చింది; 2005లో అది దేశమంతటికీ వర్తించింది. అయినా అనేక ఇళ్ళలో పెళ్ళి అయిపోయాక అక్కచెల్లెళ్ళను రిజిస్ట్రారు కచేరీకి తీసుకుపోయి హక్కు విడుదల దస్తావేజుమీద సంతకాలు పెట్టిస్తున్నారు. కట్నం ఇచ్చాం గనుక వాటా లేదన్నమాట. కనుక ఆ విద్యార్థి చేయవలసిన మొదటి పని ‘నాకు కట్నం వద్దు’ అని వీరుడిలా ప్రకటించడం కాదు. ‘చెల్లెలి వాటా చెల్లెలి పేర వుండాలి, ఆ దస్తావేజు మన ఇంట్లో రాయకూడదు’ అని తండ్రితో కూర్చుని తేల్చుకోవడం. దానివల్ల తగ్గేది తన వాటా. అంటే ఖర్చు తానే భరిస్తాడు. చెల్లెలు చేతిలో భూమీ, చదువూ, ఉద్యోగమూ వుంటే ‘నన్ను కొనుక్కోవడానికి నేను డబ్బివ్వను’ అనగల శక్తి ఆమెకు వస్తుంది. ఒక్క ఇంట్లో జరిగితే ఇది చిన్నపని. భూమి అసలే లేని ఇళ్ళకు ఈ జవాబు చాలదు కూడా. అక్కడ కూలిపోరాటమూ, భూపోరాటమూ ముందు రావాలి. అయినా కలిగిన ఇళ్ళనుంచి వచ్చి మన తరగతుల్లో కూర్చున్న వందలాది అన్నలు ఈ పని చేయడానికి ఏ విప్లవంకోసమూ ఆగనవసరం లేదు.

7

చెప్పినదంతా కూడితే మూడు పరీక్షలు తేలుతున్నాయి. మనం నేర్చుకున్న సిద్ధాంతాన్ని జీవితానికి అన్వయిస్తున్నామని అనుకున్నప్పుడల్లా వీటిని మనకు మనం పెట్టుకోవాలి. ఒకటి: దీనికయ్యే ఖర్చు నేను భరిస్తున్నానా, నాకంటె బలహీనులమీద వేస్తున్నానా? రెండు: నేను ఎవరికి అన్వయిస్తున్నానో వాళ్ళకు నాతో ‘నీ లెక్క తప్పు’ అనే హక్కు వుందా? మూడు: ఆచరణలో తగిలిన దెబ్బ తిరిగి వచ్చి నా సిద్ధాంతాన్ని మారుస్తోందా, లేక దెబ్బలన్నీ వాళ్ళ తప్పులుగా లెక్క రాసుకుని నా సిద్ధాంతం చెక్కుచెదరకుండా వుందా?

స్టువార్టుపురం సెటిల్మెంటు ఈ మూడింటిలోనూ తప్పింది. గిరీశం మొదటిదానిలో తప్పాడు. దూబగుంట మూడింటిలోనూ నెగ్గింది. మూడవ పరీక్ష తాలూకు మిగిలిన సగం మనకు అప్పగించింది. మన కళాశాలలు ఏ పరీక్షలో నెగ్గుతున్నాయో చెప్పవలసినవాళ్ళు విద్యార్థులూ, అధ్యాపకులూనూ.

ప్రపంచాన్ని వ్యాఖ్యానించడంతో సరిపెట్టుకోకూడదు, మార్చాలి అని 1845లో ఒక యువకుడు తన నోటుపుస్తకంలో రాసుకున్న సంగతి మన సభల్లో తరుచు వింటాం. విన్నప్పుడల్లా మనకు ఎక్కడో దూరాన వున్న ప్రపంచమే తలపుకు వస్తుంది. ఆ ప్రపంచంలో మన ఇల్లు కూడా ఒకటి. మన కళాశాల కూడా ఒకటి. సాయంత్రం గంట కొట్టాక అధ్యాపకుడూ విద్యార్థీ పుస్తకం మూసి ఎవరింటికి వాళ్ళు పోతారు. ఆ పుస్తకంలోని మాట వాళ్ళతోపాటు గడప దాటి లోపలికి పోతుందా లేదా అన్నదే ఈ దేశంలో చదువు దేనికన్న ప్రశ్నకు జవాబు.